గీటురాయి మారిన బజారు
(పెన్న ఒడ్డు చరిత్ర: 9వ భాగం)

1652 సెప్టెంబరులో ఫ్రెంచి రత్నాల వ్యాపారి టావెర్నియర్ మద్రాసు నుంచి గండికోటకు వచ్చాడు. కొండ మీదికి ఉన్నది ఒకటే దారి. ఇరవై, పాతిక అడుగుల వెడల్పున్న ఆ దారి కొన్నిచోట్ల ఏడెనిమిది అడుగులకు కుంచించుకుపోతుందని, పక్కనే భయంకరమైన లోయ, దాని అడుగున పెద్ద నది ఉన్నాయని అతను రాసుకున్నాడు. అంతకు కొద్దికాలం ముందే పెమ్మసాని నాయకుల చేతి నుంచి ఈ కోటను గెలుచుకున్న గోల్కొండ మంత్రి, నవాబు మీర్ జుమ్లా పైన కొలువుదీరి ఉన్నాడు. టావెర్నియర్ దగ్గరున్నవి మేలిరకం ముత్యాలు. వాటిని అమ్మదలచింది గోల్కొండ సుల్తానుకు. మరి ఇంత చుట్టుదారి పట్టి, ఇంత ఎత్తు ఎక్కి, గండికోటకు రావలసిన అవసరమేమిటి? కారణం అతనే చెప్పాడు. సుల్తానుకు అమ్మదలచిన అపురూప వస్తువు ఏదైనా ముందు మీర్ జుమ్లా కంట పడాలి. నవాబు ముత్యాలు చూశాడు, కొలువులోని వాళ్లకు చూపించాడు, ధర అడిగాడు, ఆలోచిస్తానని చెప్పి తిరిగి ఇచ్చేశాడు. మరోసారి అతనే అయిదు చిన్న సంచుల వజ్రాలు తెచ్చి టావెర్నియర్ చేతిలో పెట్టి, ఇవి మీ దేశంలో అమ్ముడుపోతాయా అని అడిగాడు. చిన్న రాళ్లు, శుభ్రంగానే ఉన్నాయి, కానీ నీరు నల్లన. మా వాళ్లకు తెల్లటి నీరున్న రాయి తప్ప పనికిరాదని టావెర్నియర్ జవాబిచ్చాడు.

ఈ ధారావాహికలో గండికోటను ఇప్పటిదాకా యుద్ధాల కోటగానే చూస్తూ వచ్చాం. ఈ భాగంలో దాన్ని ఒక అంగడిగా చూడాలి. పెన్న ఒడ్డున అత్యంత ఖరీదైన సరుకు చేతులు మారిన చోటు ఒకప్పుడు ఈ కొండ. నేడది నదికి దిగువన ఉన్న ప్రొద్దుటూరు. ‘రెండో ముంబాయి’ అని, ‘పసిడిపురి’ అని జనం పిలుచుకునే ఊరది. కొండ మీది అంగడి మూతపడటానికీ, మైదానంలో మరొకటి లేవడానికీ, ఆ రెండోది మన కళ్ల ముందే రూపం మార్చుకోవడానికీ మూలం ఒకటేనని నా వాదన. ఖరీదైన బజారు నిలబడేది భవనం మీద కాదు, సరుకు విలువకు హామీ పడే మనిషి మీద, లేదా వ్యవస్థ మీద. ఆ హామీ ఎవరి చేతిలోకి వెళ్తే బజారు వాళ్ల వెనకే వెళ్తుంది. మిగిలిన గోడల్ని చూసి మనం బెంగపడతాం.

పాత బజార్ల గురించీ, ఒకప్పుడు గొప్పగా వెలిగి ఇప్పుడు వెలవెలబోయిన మాల్స్ గురించీ ఈ మధ్య జనం ఇష్టంగా తలుచుకుంటున్నారు. ఆ తలపోతల్లో ఎక్కువగా వినిపించేవి అద్దాలు, ఎస్కలేటర్, చల్లటి గాలి, ఫలానా మూలనున్న ఐస్‌క్రీం దుకాణం. అవి నిజమైన జ్ఞాపకాలే. కానీ అవి మార్పు గుర్తులు, మార్పుకు కారణాలు కావు. మన జిల్లా వాళ్లకు మద్రాసు రైలుదారి వల్ల దగ్గరైన ఉదాహరణ మౌంట్ రోడ్డులోని స్పెన్సర్. పందొమ్మిదో శతాబ్దంలో మొదలైన స్పెన్సర్ కంపెనీ దుకాణంలో సీమ సరుకు కొన్నవాళ్లు స్పెన్సర్ అన్న పేరును చూసి కొన్నారు, ఆ పేరే హామీ. 1983లో పాత భవనం అగ్నికి ఆహుతైంది. 1990ల మొదట్లో ఆ స్థలంలోనే స్పెన్సర్ ప్లాజా అనే మాల్ లేచి, పదిహేనేళ్లకు పైగా నగరం గర్వంగా చూపించుకున్న చోటైంది. తర్వాత సిటీ సెంటర్, 2010లో ఎక్స్‌ప్రెస్ అవెన్యూ వచ్చాయి. పేరున్న బ్రాండ్లు అటు నడిచాయి. ప్లాజా గోడలకు ఏమీ కాలేదు, లిఫ్టులూ ఆగిపోలేదు. స్పెన్సర్ పేరు చిరునామాగా మారాక హామీ ఒక్కో బ్రాండుకు విడివిడిగా పంచబడింది. ఆ బ్రాండ్లు వెళ్లిపోగానే ఆ చిరునామాకు సొంతంగా చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు.

గండికోటలో జరిగిందీ ఇదే, కాకపోతే ఇంకా తీవ్రంగా. మీర్ జుమ్లా పుట్టింది ఇరాన్‌లోని అర్దిస్తాన్ ప్రాంతంలో. వజ్రాల వ్యాపారంతో పైకొచ్చి గోల్కొండ మంత్రి అయినవాడు. కర్ణాటక దండయాత్రలో గెలిచిన నేలలో వజ్రపు గనులున్నాయి. చెన్నూరు దగ్గరి పెన్న గులకరాళ్ల నుంచి బనగానపల్లె కొండల దాకా రాళ్లు దొరికే నేల ఈ పరిసరాల్లోనిదే. సొంత ఓడలు నడిపాడు. కోరమాండల్ తీరపు గుడ్డల వ్యాపారాన్ని తన గుప్పిట్లో పెట్టుకోబోయాడని ఇంగ్లీషు, డచ్చి కంపెనీల వాళ్లు మొత్తుకున్నారు. ఇతని వజ్రాలను సంచుల లెక్కనే కొలిచేవారన్న మాట అప్పటి యూరోపియన్ల రాతల్లో ఉంది. కొనేవాడు, అమ్మేవాడు, రాయి నాణ్యం తేల్చేవాడు, సుంకం తీసుకునేవాడు, తగాదా వస్తే తీర్పు చెప్పేవాడు, అందరూ అతనే. చెప్పుల్లేని కాళ్లతో కూర్చుని, కాలివేళ్ల సందుల్లోనూ ఎడమచేతి వేళ్ల సందుల్లోనూ కాగితాలు ఇరికించుకుని, ఒక్కొక్కటే తీసి జవాబులు రాయించిన తీరును టావెర్నియర్ ఆశ్చర్యంగా వర్ణించాడు. గుళ్ల నుంచి పోగుచేసిన లోహ విగ్రహాలను కరిగించి ఫిరంగులు పోయమని ఒక ఫ్రెంచి పనివాడికి నవాబు పురమాయించిన సంగతీ రాశాడు. తరాల పాటు జనం దైవంగా కొలిచిన మూర్తిని ఇన్ని మణుగుల లోహంగా లెక్కగట్టగల అధికారం ఒక్కడి చేతిలో ఉండటమంటే ఇదే. విలువ నిర్ణయించే శక్తి అంతగా ఒకేచోట కేంద్రీకృతమైతే ఏమవుతుందో గండికోట చూపించింది.

ఇది కొలువే గానీ బజారు ఎలా అవుతుందని చదువరి అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. బజారంటే ఎవరైనా రావచ్చు, నాలుగు అంగళ్లు తిరిగి బేరమాడవచ్చు. గండికోట కొలువులో ఆ స్వేచ్ఛ లేదు. కానీ ఆ కాలపు ఖరీదైన సరుకులో కొలువునూ బజారునూ విడదీసి చూడటం కష్టం. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు పాయెస్ అక్కడి అంగడి వీథుల్లో కెంపులు, వజ్రాలు, పచ్చలు, ముత్యాలు అమ్మడం చూశాడు. ఆ వీథులు రాజనగరు, గుళ్ల చుట్టూ పెరిగాయి. కొనుగోలుదారుల్లో పెద్దలంతా రాజును నమ్ముకున్న నాయకులు. పెమ్మసాని వాళ్లూ అలాంటి నాయకులే. 1565 తర్వాత విజయనగరం పాడుబడగానే అక్కడి రత్నాల వీథి వట్టి రాతి మండపాల వరుసగా మిగిలింది. రాజధానిలో జరిగిందే దాదాపు తొంభై ఏళ్ల తేడాతో కొండకోటలోనూ జరిగింది. మీర్ జుమ్లా 1655-56లో సుల్తానుతో చెడి మొగలుల కొలువులో చేరాడు. సంచులూ అతనితోనే పోయాయి. షాజహానుకు ఒక పెద్ద వజ్రాన్ని కానుకగా ఇచ్చాడు. 1663లో అస్సాం దండయాత్ర నుంచి తిరిగివస్తూ చనిపోయాడు. గండికోట తర్వాత గోల్కొండది, మొగలులది, కడప నవాబులది, హైదరుది, టిప్పుది అయింది. 1792లో నిజాము కిందికి, 1800లో దత్తమండలాలతో పాటు కంపెనీ కిందికి వచ్చింది. ఇన్ని చేతులు మారినా ముత్యాల సంచితో ఆ దారి ఎక్కవలసిన అవసరం మరో టావెర్నియర్‌కు రాలేదు. జుమ్మా మసీదు, ధాన్యాగారం, మాధవరాయ, రంగనాథ ఆలయాలు, బురుజులు నేటికీ నిలిచి ఉన్నాయి. ఒక బజారు చావడానికి దాని గోడలు కూలనక్కర్లేదనడానికి ఇంతకన్నా పెద్ద సాక్ష్యం మన జిల్లాలో లేదు.

కొండ దిగి నది వెంట నడిస్తే ముందు జమ్మలమడుగు, తర్వాత ప్రొద్దుటూరు. కంపెనీ పాలనలో విలువ కొండ మీది నుంచి నల్లరేగడిలోకి దిగింది. పత్తి, నీలిమందు, నేత గుడ్డ, తర్వాత వేరుశనగ. 1860ల్లో తవ్విన కర్నూలు-కడప కాలువ ప్రొద్దుటూరు పరిసరాలకు నీళ్లిచ్చింది. పందొమ్మిదో శతాబ్దం చివర జర్మనీ వాళ్ల రసాయన నీలి వచ్చి మన నీలితొట్లను ఎండగట్టినా పత్తీ మగ్గమూ నిలిచాయి. 1915లో ప్రొద్దుటూరు పురపాలక సంఘమైంది. ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. ఊరు పెరగడానికి రైలే కారణమని అన్ని ఊళ్లకూ ఒకే చరిత్ర రాసే అలవాటు మనకుంది. మద్రాసు-బొంబాయి రైలుదారి 1871 నాటికే పూర్తయింది. అది ఎర్రగుంట్ల, ముద్దనూరు మీదుగా పోయింది, ప్రొద్దుటూరును తాకలేదు. ఎర్రగుంట్ల-నంద్యాల మార్గం మొత్తం అందుబాటులోకి వచ్చింది 2016లో. అంటే ‘రెండో ముంబాయి’ అనే పేరు తెచ్చుకున్న ఊరు ఆ పేరు సంపాదించిన కాలమంతా రైలు స్టేషను లేకుండానే గడిపింది. కోట లేదు, కొలువు లేదు, జిల్లా కలెక్టరు కచేరి లేదు, రైలు లేదు. అయినా చుట్టుపక్కల జిల్లాల వాళ్లు పెళ్లి బంగారానికి ఇక్కడికే వచ్చారు. వాళ్లను ఇక్కడికి రప్పించిందేమిటి?

జవాబు గీటురాయిలో ఉంది. నల్లటి రాయి మీద నగను గీస్తారు, మేలిమి ముందే తెలిసిన బంగారాన్ని పక్కనే గీస్తారు, రెండు గీతల మీదా నత్రికామ్లం పూసి ఏది నిలుస్తుందో ఏది చెదురుతుందో చూస్తారు. పరీక్ష నిమిషం పని. దాన్ని చదవగల కన్ను తయారవడానికి సంవత్సరాలు పడుతుంది. కొనేవాడికి ఆ కన్ను లేదు. అందుకే అతను కొనేది సగం బంగారం, సగం ఆ కంటి మీది నమ్మకం. పాత పద్ధతిలో ఈ నమ్మకానికి ఇద్దరు పూచీ. ఒకరు పరుపు మీద కూర్చున్న షావుకారు, మరొకరు వెనక కుంపటి దగ్గరున్న కంసాలి. నగకు రసీదు ఉన్నా లేకపోయినా, ఇదే అంగడికి ఎప్పుడు తిరిగి తెచ్చినా తరుగు తీసి ఇంత ఇస్తామన్న మాట ఉండేది. కూతురి పెళ్లికి కొన్న గాజుల్ని కరువొచ్చిన ఏడాది కుదువ పెట్టుకునేదీ ఆ అంగట్లోనే. పులివెందుల మెట్టల్లో శనగ పండిన ఏడు నగలు కొనడం, ఎండిన ఏడు వాటి మీదే అప్పు తెచ్చి విత్తనం కొనడం, ఈ రెండూ ఒకే చిట్టాలో ఎక్కేవి. వానను నమ్మలేని సీమలో బంగారం అలంకారం కంటే ముందు ఆస్తి. దాన్ని ఏ రోజైనా డబ్బుగా మార్చగల అంగడి ఉండటమే ఆ ఆస్తికి విలువ. ప్రొద్దుటూరు బజారు బలం అక్కడుంది. నగ అమ్మిన చేయే దాన్ని తిరిగి కొనడానికి సిద్ధంగా ఉండటం ఎంత పెద్ద హామీయో, నేటి ఖరీదైన దుకాణాల్లో చేతిసంచీ కొన్నవాళ్లు దాన్ని తిరిగి అమ్మజూస్తే తెలుస్తుంది.

ఇదంతా పాతకాలాన్ని తియ్యగా చూడటమేనని గట్టి అభ్యంతరం ఉంది. దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. గీటురాయి చదివేవాడు అమ్మేవాడే అయినప్పుడు మోసానికి అడ్డేముంది? హాల్‌మార్కు తప్పనిసరి కావడానికి ముందు చెప్పిన క్యారెట్టుకు, ఉన్న క్యారెట్టుకు తేడా ఉండటం వినియోగదారుల పాత ఫిర్యాదు. తరుగు, మజూరీ ఎంతో అడిగి తెలుసుకోగలిగింది ఊళ్లో పలుకుబడి ఉన్నవాళ్లే. చదువురాని రైతుకు చిట్టాలో ఏం రాశారో తెలియదు. నగ ఆడవాళ్లది, ఖాతా పేరు చాలావరకు మగవాళ్లది. నమ్మకమనే మాట వెనక ఇంత అసమానత ఉంది. ఒప్పుకోవాలి. అయితే ఇది నా వాదనను కొట్టివేయదు, ఇంకా స్పష్టం చేస్తుంది. హామీ ఒక మనిషిలో ఉన్నప్పుడు అతని మంచితనమూ చెడ్డతనమూ రెండూ బజారువే అవుతాయి. తేడా ఏమిటంటే, గండికోటలో ఆ మనిషి ఒక్కడే, అతన్ని ప్రశ్నించే దారి లేదు. ప్రొద్దుటూరులో ఒక వీథి నిండా అంగళ్లు. ఒకచోట మోసపోయినవాడు పక్క అంగట్లో గీయించి చూసుకోగలడు. ఆ మాట ఊరంతా పాకితే అంగడికి చెడ్డపేరు. ఏ చట్టమూ చేయని కాపలాను కొంతవరకైనా ఆ పోటీ చేసింది.

ఆ వీథిని మొదట కుదిపింది మాల్ కాదు, ప్రభుత్వం. చైనా యుద్ధం తర్వాత 1963 జనవరిలో కేంద్రం బంగారు నియంత్రణ నిబంధనలు తెచ్చింది. కొత్త నగలు 14 క్యారెట్లకు మించి చేయకూడదంది. మన ఆడవాళ్లు ముట్టని బంగారం అది. దేశమంతటా కంసాలుల కుంపట్లు ఆరిపోయాయి, ఎందరో ప్రాణాలు తీసుకున్నారు. క్యారెట్ల పరిమితి తర్వాత పోయినా, 1968 చట్టం బిస్కెట్లు, కడ్డీల రూపంలో బంగారం ఉంచుకోవడాన్ని నిషేధించి, వర్తకులనూ కంసాలులనూ లైసెన్సుల కిందికి తెచ్చింది. 1990లో ఆ చట్టం రద్దయ్యేదాకా ఇరవై ఏడేళ్ల పాటు హామీ పడే మనిషిని రాజ్యం అనుమానితుడిగా చూసింది. ఈ కాలంలో కంసాలికి తగిలిన దెబ్బ మానలేదన్నది నా అభిప్రాయం. షావుకారు లైసెన్సుతో నిలబడ్డాడు. చేతిపనివాడు కూలివాడయ్యాడు, లేదా కొడుకును వేరే పనిలో పెట్టాడు. 1990ల తర్వాత కోయంబత్తూరు, త్రిశ్శూరు, ముంబాయిల్లో తయారైన నగలు అద్దాల అరల్లోకి వచ్చేసరికి ఇద్దరు పూచీదారుల్లో ఒకరు అప్పటికే సగం తప్పుకున్నారు.

తర్వాతి మార్పు వేగంగా సాగింది. ముందు ‘కేడీఎం’ అనే మాట అంగళ్ల బోర్డుల మీదికి ఎక్కింది, కాడ్మియం పొగ పనివాళ్ల ఊపిరితిత్తులకు చేటని తేలి వెనక్కి పోయింది. తర్వాత ‘916’. 2000లో భారతీయ ప్రమాణాల సంస్థ బంగారానికి హాల్‌మార్కు మొదలుపెట్టింది. 2021 జూన్ నుంచి 256 జిల్లాలతో మొదలై అది తప్పనిసరి అయింది. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్కు నగను ఆరు అక్షరాంకెల గుర్తింపు సంఖ్య లేకుండా అమ్మకూడదు. ఆ సంఖ్యను ఫోన్లో కొడితే నగ పుట్టుపూర్వోత్తరాలు తెలుస్తాయి. ఏళ్ల తరబడి సాధన చేసిన కన్ను చేసే పనిని ఇప్పుడు ఆరు గుర్తులు చేస్తున్నాయి. పరుపు పోయి కుర్చీలు, ఇనప్పెట్టె పోయి అద్దాల గది, షావుకారు పోయి యూనిఫారం వేసుకున్న సేల్స్ అమ్మాయి, వీథి పోయి అంతస్తులు రావడం ఈ మార్పుకు ఫలితం. హామీ రాజముద్రలో ఉన్నప్పుడు షావుకారు ముఖంతో పనిలేదు. ముఖంతో పనిలేని వ్యాపారాన్ని ఏ ఊళ్లోనైనా, ఏ అంతస్తులోనైనా, ఎన్ని కొమ్మలుగానైనా పెట్టవచ్చు.

అయితే ఏం నష్టమని అడిగేవాళ్లున్నారు. ప్రొద్దుటూరులో బంగారం ఇప్పటికీ అమ్ముడవుతోంది, దసరా ఇప్పటికీ ఘనంగా జరుగుతోంది, 2025లో పది గ్రాములు లక్ష రూపాయలు దాటినా పెళ్లిళ్లు ఆగలేదు. కొనేవాడికి రక్షణ పెరిగింది కూడా. ఇది నిజం. నాణ్యం విషయంలో కొత్త పద్ధతే మేలని నేనూ అంటాను. చదువురాని తల్లి చేతిలోని నగకూ, ధనవంతుడి నగకూ ఒకే ముద్ర పడటం చిన్న సంగతి కాదు. నేను పోయిందంటున్నది వేరు. హాల్‌మార్కు బంగారానికి హామీ ఇస్తుంది, కొన్న మనిషికి ఇవ్వదు. కరువొచ్చిన ఏడాది ఈ ఇంటివాడు తీర్చగలడని తెలిసి వడ్డీ ఆపిన షావుకారు పనిని ఆరు అక్షరాంకెలు చేయలేవు. ఆ పని ఇప్పుడు బంగారు రుణాల కంపెనీలకు, బ్యాంకులకు పోయింది. అక్కడ వాయిదా దాటితే వేలం నోటీసు వస్తుంది. కుంపటి పోవడంతో తెగిన గొలుసు అతికే చేయి, అమ్మమ్మ కంటెను మనవరాలికి సరిపడేలా మార్చే చేయి కూడా అరుదైంది. పాత బజారును తలుచుకుని బెంగపడేవాళ్లు నిజానికి ఈ రెండింటి కోసం బెంగపడుతున్నారని నాకనిపిస్తుంది. అద్దాల గురించీ అరల గురించీ మాట్లాడటం తేలిక గనుక వాటి గురించి మాట్లాడుతున్నారు.

ఇక గండికోటకు మళ్లీ డబ్బు వస్తోంది. పర్యాటక అభివృద్ధికి 2024లో కేంద్రం దాదాపు 78 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. దారులు, దీపాలు, వసతులు రావలసిందే. కోటను చూపించేటప్పుడు లోయతో పాటు ఇక్కడ జరిగిన వజ్రాల బేరాన్నీ చూపించాలి. టావెర్నియర్ రాసినది మన ముందుంది గనుక గండికోట అంగడి చరిత్ర కనీసం ఒక విదేశీయుడి కళ్లతోనైనా మనకు దక్కింది. మెకంజీ సేకరించిన స్థానిక చరిత్రలైన కైఫీయత్తుల్లో కోట కథ ఉంది, కడపలోని బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం జిల్లా కైఫీయత్తులను అచ్చు వేసి మేలు చేసింది. ప్రొద్దుటూరు బజారుకు అలాంటి అదృష్టం ఇంకా పట్టలేదు. దాని చరిత్రంతా పాత అంగళ్ల అటకల మీది చిట్టాల్లో, ఆవర్జాల్లో, కంసాలి ఇళ్లలో మూలపడిన గీటురాళ్లలో, త్రాసుల్లో, అచ్చుల్లో ఉంది. అంగడిని షోరూముగా మార్చేటప్పుడు ముందుగా బయట పడేసేవి అవే. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పాఠకులకు నా విన్నపం: మీ ఇంట్లో అలాంటి లెక్కల పుస్తకాలుంటే తూకానికి వేయకండి. అందులోని బాకీదారుల పేర్లు బయటపడతాయని సంకోచమైతే పాతకాలపువైనా ఇవ్వండి. కడప బ్రౌన్ గ్రంథాలయానికి గానీ, యోగి వేమన విశ్వవిద్యాలయంలో చరిత్ర చెప్పేవారికి గానీ ఒకసారి చూపించండి. ఇంట్లో పెద్ద కంసాలి ఎవరైనా ఉంటే ఆయన చెప్పేది ఫోన్లో రికార్డు చేసి పెట్టండి. ఈ పని ఈ తరంలోనే జరగాలి.

(వచ్చే భాగంలో: దత్తమండలాల్లో మన్రో పొలం పొలం కొలిపించిన కథ)